మూడో గడిలో పెట్టిన టిక్కు

వాల్‌నట్ బెండ్,
జనవరి 16, శుక్రవారం.

వాల్‌నట్ బెండ్ పోలీసు చీఫ్ శ్రీ డెనిస్ పలూచ్ గారి సముఖమునకు, క్లోవర్ వీధి 418వ నంబరు ఇంటి కాపురస్తురాలు, కీర్తిశేషులు రస్సెల్ డాల్గ్రెన్ గారి భార్య వెర్నా డాల్గ్రెన్ వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: గ్రామ బోర్డు వారి అసాల్ట్ తుపాకుల నిషేధపు ఉత్తర్వు కింద నేను దాఖలు చేసిన ఫారంలో మూడో గడిలో పెట్టిన టిక్కును రద్దుపరచి, నా ఇంటి బేస్‌మెంట్‌లో గల ఒక తుపాకీని ఈ ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటల లోపల తమ శాఖ వారే స్వయంగా వచ్చి పట్టుకొనిపోవుట గురించి.

పై విషయమై తమకు మనవి చేసుకునేదేమనగా, నేను ఇరవై ఆరు సంవత్సరాలు కౌంటీ వాహన లైసెన్సుల కార్యాలయంలో రెండో కౌంటరులో పనిచేసి పదవీ విరమణ పొందినదానను. కాగితం సరిగా లేదని మనుషుల్ని వెనక్కి పంపడమే నా ఉద్యోగం. తమరిని కూడా ఒకసారి పంపాను, ఫొటోలో టోపీ పెట్టుకున్నారని. తమ తల్లి డోరీన్ నాతో కలిసి బౌలింగ్ ఆడే మనిషి అయినప్పటికీ పంపాను. కాబట్టి అర్జీ ఎలా రాయాలో నాకు తెలియదని తమరు అనుకోనక్కరలేదు. అంశాలవారీగా మనవి చేస్తున్నాను.

1. సదరు తుపాకీ నాది కాదు, నా భర్తది. పదమూడేళ్ల కిందట ఈ రకం తుపాకుల్ని త్వరలో నిషేధిస్తారట అని రేడియోలో చెప్పారు. అప్పటిదాకా రస్సెల్‌కు అలాంటి తుపాకీ కావాలన్న ఆలోచనే లేదు. దొరకదేమో అన్న మాట చెవిన పడగానే కోరిక పుట్టింది. టాయిలెట్ పేపరు దొరకదన్నప్పుడూ ఆయన అంతే. నాతో మాత్రం గాలం కర్ర కొన్నానని చెప్పారు. పదమూడేళ్లలో ఒక్క చేప ఇంటికి రాలేదు, నేనూ అడగలేదు. ఒకే ఒక్కసారి మా అబ్బాయి కర్ట్‌ను వెంటబెట్టుకుని ఎవరిదో పొలంలో కుళ్లిన గుమ్మడికాయల మీద పేల్చి వచ్చారట. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటూ భోంచేశారు. చేపలు పడలేదని నేను జాలిపడ్డాను.

గడిచిన ఏప్రిల్‌లో రస్సెల్ గుండెపోటుతో పోయారు. నవంబరులో క్రిస్మస్ చెట్టు తీద్దామని పెట్టె విప్పితే, ప్లాస్టిక్ కొమ్మల అడుగున ఇది పడుకుని ఉంది.

2. అక్టోబరులో గ్రామ బోర్డు వారు చేసిన ఉత్తర్వు ప్రకారం ఇటువంటి తుపాకుల్ని ఊళ్లో అమ్మకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు. ఉన్నవాళ్లకు తొంభై రోజుల గడువు. ఆ గడువు వచ్చే బుధవారంతో సరి. నేను నోటీసు ఒక చేత్తో, కళ్లజోడు ఒక చేత్తో పట్టుకుని తుపాకీ ముందు కూర్చుని అందులో రాసిన గుర్తులు ఒక్కొక్కటీ సరిచూసుకున్నాను. పట్టుకోవడానికి విడిగా పిడి: ఉంది. మడతపెట్టగల వెనక భాగం: ఉంది. పదికి మించి తూటాలు పట్టే డబ్బా: రెండు ఉన్నాయి. కేకు చేయబోతూ సరుకులు చూసుకున్నట్టు చూసుకున్నాను, ఒక్కటీ తక్కువ కాలేదు.

ఈ ఉత్తర్వుపై నా అభిప్రాయం ఏమిటని తమరు అడగవచ్చు. దానికి నా జవాబు ఏమనగా, ఉత్తర్వు కావాలన్నవాళ్లు అర్జీ పట్టుకుని నా గుమ్మంలోకి వచ్చినప్పుడు సంతకం పెట్టాను. వద్దన్నవాళ్లు మర్నాడు వచ్చినప్పుడు దాని మీదా పెట్టాను. ఇద్దరూ మర్యాదగానే అడిగారు. పైగా రెండోవాళ్లు వస్తూ వస్తూ నా మెట్ల మీద ఎండుటాకులు ఊడ్చిపెట్టారు. నేనొక్కతినే ఇలా చేశానని తమరు అనుకుంటే, ఆ రెండు అర్జీలూ పక్కపక్కన పెట్టి చూసుకోవలసిందిగా మనవి. సగం ఊరు రెండింట్లోనూ ఉంది.

3. ఇక ఫారం. అందులో మూడు గడులు. ఒకటి, పోలీసుకు అప్పగించుట. రెండు, లైసెన్సుగల మెకానిక్కు చేత శాశ్వతంగా పనికిరాకుండా చేయించుట. మూడు, ఊరి ఎల్లకు బయట నివసించే, తుపాకీ ఉంచుకునేందుకు అనుమతి కార్డుగల బంధువుకు అందజేయుట. నేను డిసెంబరులో గ్రామ కార్యాలయానికి వెళ్లింది మొదటి గడిలో టిక్కు పెట్టడానికే. పెన్ను కూడా ఇంటి నుంచే తీసుకెళ్లాను. కిటికీలో గుమాస్తా కెల్సీ ఉంది. నా వెనక బరువైన బూట్లతో ఆరుగురు నిలబడి ఉన్నారు.

"మేడమ్, అప్పగించాలంటే ముందు చీఫ్ గారి దగ్గర టైము తీసుకోవాలి. మంగళవారాలే. అదీ కార్డున్నవాళ్లే తేవాలి. మీకు కార్డుందా?" అంది.

"మా ఆయనకుండేదమ్మా."

"ఆయన్ని తీసుకుని వస్తారా?"

"ఆయన పోయారు."

"అయ్యో, సారీ మేడమ్." పాపం, పిల్ల మొహం ఎర్రబడిపోయింది. "ఊరి బయట బంధువులెవరైనా ఉన్నారా పోనీ?"

"మా అబ్బాయి ఉన్నాడు. గేట్స్ రోడ్డులో."

"కార్డుందా?"

"ఉంది."

"హమ్మయ్య, బతికించారు! అయితే మూడోది. ఒక్క టిక్కు, అయిపోయినట్టే."

నా వెనక ఎవరో దగ్గారు. విసుగుతో కాదు, ఊరికే దగ్గినట్టు. కానీ నేను ఇరవై ఆరేళ్లు కౌంటరుకు అటువైపు కూర్చున్న మనిషిని, దగ్గుల్లో రకాలు నాకు తెలుసు. ఆ పిల్లను ఇంకా ఇబ్బంది పెట్టడం ఎందుకని మూడో గడిలో టిక్కు పెట్టి, కర్ట్ పేరు, చిరునామా రాసి, సంతకం చేశాను. కెల్సీ "పరిష్కరింపబడినది" అని ముద్ర కొట్టి, నాకొక పిప్పరమెంటు బిళ్ల ఇచ్చింది.

4. తమరు ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినవారు కనుక పై ప్రవర్తనకు సంజాయిషీ అక్కరలేదు. చర్చి బేస్‌మెంట్ విందుల్లో ఆఖరి కేకు ముక్క ఏమవుతుందో తమరికి తెలుసు. ఎవరూ తీసుకోరు. ఒకరు వచ్చి సగం కోసుకుంటారు, ఇంకొకరు వచ్చి ఆ సగంలో సగం. చివరికి వేలిగోరంత ముక్కను రేకు కాగితంలో చుట్టి పాస్టరుగారి భార్యకు ఇచ్చి పంపుతాం. అడగడం మాకు రాదు. కాదనడం అంతకంటే రాదు. రస్సెల్ నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగినప్పుడు కూడా నేను "మీకు ఇబ్బంది లేకపోతే" అన్నాను. నా జీవితంలో ఆ అలవాటు వల్ల జరిగిన మంచి అదొక్కటే.

5. నేను రెండో కౌంటరులో పనిచేసినదాన్ని అయ్యుండి కూడా ఆలోచించని సంగతి ఒకటుంది. మూడో గడి ఫారం నకలు ఒకటి, పుచ్చుకునేవారికి పోస్టులో వెళుతుంది. ఈ నెల మొదటివారంలో కర్ట్ ఫోన్ చేశాడు.

"అమ్మా, ఊరివాళ్ల దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. నాన్న తుపాకీ నాకిస్తున్నావట?"

"అదా, అదేదో ఫారంలో అలా రాశార్రా."

"ఎప్పుడో అమ్మేశాడనుకున్నా. ఇంట్లోనే ఉందా? ఎక్కడ?"

"కింద. క్రిస్మస్ చెట్టు పెట్టెలో."

అటువైపు నవ్వినట్టు చప్పుడైంది. "పద్దెనిమిదో తారీఖు ఆదివారం, చర్చి అవగానే వచ్చి పట్టుకెళ్తాలే."

"దారి బాగోదేమోరా. మంచు పడుతుందంటున్నారు."

"నా బండికి మంచో లెక్కా!"

"పోనీ వసంతంలో..."

"గడువు దాటిపోతుందమ్మా. నీకెందుకా గొడవ? నేనొచ్చి తీసుకెళ్తా, నీ నెత్తి మీంచి దిగిపోతుంది."

"సరేలేరా, నీ ఇష్టం" అన్నాను. అని ఫోను పెట్టేసి, కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను.

కర్ట్‌ను తమరు ఎరుగుదురు. తమరి క్లాసే. ఇళ్లలో ఫర్నేసులు బాగుచేస్తాడు, చలికాలంలో వాడి నంబరు లేని ఇల్లు ఈ కౌంటీలో లేదు. ఆగస్టులో వాడి భార్య పిల్లలిద్దరినీ తీసుకుని వాళ్లక్క ఊరికి వెళ్లిపోయింది. తప్పెవరిదో నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. వాడు కుక్కను పక్క పొలం రైతుకు ఇచ్చేశాడు. "ఎందుకురా, అదంటే నీకు ప్రాణం కదా" అంటే "వాళ్లకు చోటెక్కువమ్మా" అన్నాడు. వాడి ఇల్లు ఎనభై ఎకరాల మధ్యలో ఉంది, చీఫ్ గారూ.

మొన్న మంగళవారం నేను వండి పంపిన క్యాసరోల్ గిన్నెలు వాడు తెచ్చి ఇచ్చాడు. మన ఊళ్లో తల్లి గిన్నె ఒకసారి కొడుకు ఇంటికి వెళ్లిందంటే అది వెళ్లినట్టే. అడుగున టేపు మీద మన పేరు రాసి పెట్టుకోవడం మన తృప్తి కోసం. వాడు తొమ్మిది గిన్నెలు తెచ్చాడు. కడిగి, తుడిచి, ఏ గిన్నె మూత ఆ గిన్నెకు సరిపెట్టి, గుమ్మంలో పేర్చాడు. వాటిలో ఒకటి పోయిందనుకుని నేను పదిహేనేళ్ల కిందటే కొత్తది కొనుక్కున్నాను. "ఇప్పుడివన్నీ ఎందుకురా?" అంటే "ఎవరివి వాళ్లకి ఉంటే మంచిది కదమ్మా" అన్నాడు. కాఫీ తాగమంటే తాగాడు. వెళ్తూ వెళ్తూ నన్ను దగ్గరికి తీసుకుని, మామూలుకన్నా కొంచెం ఎక్కువసేపు పట్టుకున్నాడు.

కొడుకు తల్లి గిన్నెలు తిరిగి ఇవ్వడం ఏ ఉత్తర్వు కిందా నేరం కాదని నాకు తెలుసు.

6. పై పరిస్థితుల దృష్ట్యా, సదరు తుపాకీని ఆదివారం లోపల వదిలించుకొనుటకు నేను చేసిన ప్రయత్నములు ఏవనగా:

ముందుగా కెల్సీకి ఫోన్ చేశాను. టిక్కు మార్చుకుంటానన్నాను.

"మీ ఫైలు మూసేశాం మేడమ్. తెరవాలంటే చీఫ్ గారి సంతకం కావాలి. ఆయన శిక్షణకెళ్లారు, శుక్రవారం సాయంత్రానికి వస్తారు."

"పోనీ నేనే తెచ్చి మీ బల్ల మీద పెట్టేస్తే?"

"అయ్యయ్యో, తేకండి! కార్డు లేకుండా రోడ్డు మీదికి తెస్తే మిమ్మల్ని పట్టుకోవాల్సొస్తుంది."

"నన్ను పట్టుకుంటే, తుపాకీ?"

"అదీ పట్టుకుంటారు. సాక్ష్యం కదా."

"మంగళవారం దాకా ఆగక్కర్లేదుగా?"

"మేడమ్, అంతా బాగానే ఉందా?" అంది మెల్లిగా. "ఆఁ, అంతా బాగానే ఉందమ్మా, మీ అమ్మని అడిగానని చెప్పు" అన్నాను. ఆ పిల్ల తలుపు తెరిచింది, నేనే మూసేశాను. చెప్పానుగా, అది మా జబ్బు.

అయినను, తుపాకీని దుప్పట్లో చుట్టుకుని మెయిన్ వీధి వెంట తమ కార్యాలయం దాకా నడిచి పట్టుబడుదామని బుధవారం ఉదయం కోటు కూడా వేసుకున్నాను. కాలిబాట గాజులా గడ్డకట్టి ఉన్నందున, డెబ్బై మూడేళ్ల మనిషి తుపాకీతో జారిపడుట ఊరికి క్షేమం కాదని తలచి ఆ మార్గమును విరమించుకొనడమైనది. రెండో గడి మెకానిక్కు ఇంటికి రానన్నాడు. పెరట్లో పాతిపెడదామంటే నేల రాయిలా ఉంది, గునపం వంగింది. వంగిన గునపం రస్సెల్‌ది, దానికి నేను పరిహారం కోరడం లేదు.

కర్ట్‌కు కార్డు ఉంది, వాడి ఇల్లు ఎల్లకు బయట ఉంది, ఫారం వాడి పేరున ఉంది. తమ ఉత్తర్వు ప్రకారం ఈ ఊళ్లో అన్ని కాగితాలూ సక్రమంగా ఉన్న తుపాకీ ఏదైనా ఉంటే అది ఇదే.

7. చీఫ్ గారూ, నా కొడుకు చావు గురించి ఆలోచిస్తున్నాడని నాకు భయంగా ఉంది.

పై వాక్యం టైపు చేయడానికి నాకు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. మధ్యలో రెండుసార్లు లేచి గిన్నెలు తోమాను, అవి శుభ్రంగా ఉన్నవే. కెల్సీ కిటికీ దగ్గర ఆ మాట అనలేకపోయాను. ఫోన్‌లో అనలేకపోయాను. కర్ట్‌ను అడగలేకపోయాను. ఏ ఫారంలోనూ దానికి గడి లేదు. ఉంటే ఇరవై ఆరేళ్ల కౌంటరు మనిషిని, ముందు దానిలోనే టిక్కు పెట్టి ఉండేదాన్ని.

కావున నేను ప్రార్థించేది:

(అ) నా ఫైలును తిరిగి తెరచి మూడో గడిలోని టిక్కును కొట్టివేయవలెను. ఆ పిల్ల కెల్సీని ఏమీ అనరాదు. తప్పు పెన్నుది, పెన్ను నాది.

(ఆ) ఆదివారం చర్చి ముగిసేలోగా తమరు గాని, తమ శాఖలో కాస్త ఎత్తుగా ఉన్నవారు ఎవరైనా గాని వచ్చి తుపాకీని, రెండు డబ్బాలను, దొరికితే తూటాలను పట్టుకొనిపోవలెను. కారు పైన దీపాలు వేసుకుని రావలెను. ఎదురింటివాళ్లు కిటికీ తెర తొలగించి చూసినా నాకు అభ్యంతరం లేదు. చూడాలనే కోరుచున్నాను.

(ఇ) రసీదు మీద "స్వచ్ఛందంగా అప్పగించడమైనది" అని తమ అచ్చు కాగితంలో ఉంటుంది. దాన్ని కొట్టివేసి "స్వాధీనపరచుకొనడమైనది" అని రాయించవలెను. కారణమేమనగా, కర్ట్ వచ్చేసరికి తుపాకీ ఉండదు. తల్లి ఇచ్చేసిందని వాడు అనుకోకూడదు. తల్లికి తన మీద నమ్మకం లేదని అస్సలు అనుకోకూడదు. ఊరు లాక్కుందని అనుకోవాలి. వాడు గ్రామ బోర్డును ఎంత తిట్టుకున్నా ఫరవాలేదు, బోర్డువారికి అలవాటే. ఈ ఉత్తర్వు మంచిదా చెడ్డదా అని అక్టోబరులో మూడు గంటలు కొట్టుకున్నారు కదా, నేను వెనక వరసలో కూర్చుని స్వెట్టరు అల్లుతూ అంతా విన్నాను. హక్కులన్నారు, పిల్లలన్నారు, రాజ్యాంగమన్నారు. తల్లి నోరు విప్పి కాదనలేని చోట ఊరు కాదనగలదని మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకైతే ఆ ఉత్తర్వు అందుకే కావాలి.

ఇది ఒక తల్లి మనవిగాను, తమ కాగితాల మర్యాద తెలిసిన మాజీ రెండో కౌంటరు మనవిగాను కూడా తమరు దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
వెర్నా డాల్గ్రెన్

తాజా కలం: డెనిస్ బాబూ, సంతకం పెట్టి కవరు అంటించబోతుంటే కర్ట్ ఫోన్ చేశాడు. ఆదివారం కాదట. ఆదివారం పెద్ద మంచు అంటున్నారు కనుక రేపు పొద్దున పదింటికే వస్తాడట. నేను కాదందామనే నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. తెరిచి, "అయితే సూప్ చేస్తానురా" అన్నాను.

అందుకని పైన ఆదివారం అని ఉన్న ప్రతిచోటా శనివారం అని దిద్దుకో. నాకు మళ్లీ టైపు చేసే ఓపిక లేదు. ఈ కాగితం పోస్టులో వేయడం లేదు, జారినా సరే నేనే తెచ్చి మీ ఇంటి తలుపు సందులో తోస్తాను. నువ్వు ఊరు చేరగానే, బూట్లు విప్పకముందే చదువు.

రేపు తొమ్మిదికల్లా రా. యూనిఫారం వేసుకునే రా. తుపాకీ కారులో పెట్టేశాక మాత్రం వెళ్లిపోకు. టోపీ తీసి వంటింట్లో కూర్చో. వాడు వచ్చి నీ మీద అరుస్తాడు, అరవనీ. నువ్వు కాదను, ఊరి తరఫున, గట్టిగా, నా బదులు. ఆ తుపాకీ కింద ఉన్నంతసేపు నా గొంతు పెగలడం లేదురా. అది గడప దాటితే, వాణ్ని నా ఎదురుగా కూర్చోబెట్టుకుని, అడగాల్సింది నేను అడుగుతాను.